నల్లరేగడి నేలల్లో పునాదుల కుంగుబాటు: మరమ్మతు పద్ధతుల తులనాత్మక పరిశీలన

అనంతపురం ప్రాంతంలో ఎర్రనేలలే అధికమైనా తాడిపత్రి, గుత్తి, ఉరవకొండ పరిసరాల్లో నల్లరేగడి భూములు విస్తారంగా ఉన్నాయి. ఈ నేలలోని మాంట్‌మొరిల్లొనైట్ బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. సాలుకు సుమారు 550 మి.మీ. వర్షపాతమే గల ఈ సీమలో ఎండుదశ దీర్ఘమైనది. ఇంటి నడిమి నేల తేమను నిలుపుకొంటుండగా అంచులలోని నేల ఆరిపోతుంది. అందువల్ల మూలలు కుంగి, గోడలపై ఏటవాలు పగుళ్ళు ఏర్పడతాయి.

వేసవిలో తెరుచుకొన్న పగులును సిమెంటుతో పూడ్చడం రైతులు సాధారణంగా చేసే మరమ్మతు. వానలకు నేల తిరిగి ఉబ్బినప్పుడు గోడకు కదిలే చోటు ఉండదు గనుక పక్కనే మరో పగులు పుడుతుంది. కాబట్టి పగులుకు అడ్డంగా గాజుపట్టీ అతికించి, కనీసం ఒక సంవత్సరం గమనించిన పిమ్మటే ఖర్చుకు పూనుకోవాలి. ఉబ్బు గుణాన్ని మన మృత్తికా ప్రయోగశాలలోనే తెలుసుకోవచ్చు. 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన 10 గ్రాముల మట్టిని నీటిలోను, కిరోసిన్‌లోను వేర్వేరుగా 24 గంటలు ఉంచి ఘనపరిమాణాలను పోల్చాలి. వ్యత్యాసం కిరోసిన్‌లోని పరిమాణంలో 50 శాతం దాటితే ఆ నేలతో జాగ్రత్త అవసరం.

సిమెంటు గ్రౌటింగు ఈ నేలకు తగదు. బంకమట్టి రంధ్రాలలోకి సిమెంటు రేణువులు చొరలేవు. సున్నపు ద్రావణం కొంత మేలు. నేల నెర్రెలు విచ్చిన వేసవిలో పోస్తేనే అది లోపలికి దిగుతుంది. అయితే జిప్సం గల నేలలో సున్నం వాడితే సల్ఫేటు చర్యవల్ల ఉబ్బు పెరగవచ్చు. ముందుగా సల్ఫేటు పరీక్ష తప్పనిసరి.

పునాది కింద కొత్త కాంక్రీటు ఆధారం కట్టడం దృఢమైన మార్గం. గోడ పొడవునా ఒక్కసారిగా తవ్వక, మీటరు, మీటరున్నర ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి చేపట్టాలి. తేమ మార్పులు సోకని లోతుకు చేరకపోతే ఆ శ్రమ వృథా. కొత్త కట్టడాలకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన అండర్‌రీమ్డ్ పైళ్ళు ఈ సూత్రంపైనే ఆధారపడ్డాయి. సుమారు 3.5 మీటర్ల లోతున, కాండానికి రెండున్నర రెట్ల వ్యాసం గల ఉబ్బు వాటిని పట్టి నిలుపుతుంది.

చిన్న రైతు ఇంటికి మాత్రం తేమ నియంత్రణే మొదటి చికిత్స అని మా అభిప్రాయం. గోడ చుట్టూ తాడిపత్రి బండలను వెలుపలికి వాలుగా పరచి, సందులు మూసి, చూరునీటిని దూరంగా మళ్ళించాలి. గోడకు చేరువలో వేప మొక్కను నాటరాదు. ఇదివరకే పెరిగిన చెట్టును ఒక్కసారిగా నరికినా, వేళ్ళు తోడుకొనే నీరు నేలలోనే మిగిలి, ఆ పక్కన నేల ఉబ్బవచ్చు.