ఏజెంట్ లేని సర్వర్: బొగొస్లోఫ్ ద్వీపం కథ

సియాటిల్ నుంచి సియోల్ మీదుగా హైదరాబాదు వెళ్ళేటప్పుడు, అందరూ నిద్రపోయాక ఎదుటి సీటు వెనక తెరమీద మ్యాపు చూస్తూ కూర్చోవడం నాకలవాటు. అలాస్కా కొసనుంచి రష్యా వైపు వంపు తిరిగిన దీవుల గొలుసొకటి కనిపిస్తుంది. అవే అల్యూషియన్ దీవులు. ఆ గొలుసుకి కాస్త ఉత్తరాన, బేరింగ్ సముద్రంలో ఒక చుక్క ఉంది. మ్యాపులో కనపడదు. దాని పేరు బొగొస్లోఫ్. మనుషులు లేరు, చెట్లు లేవు. సాఫ్ట్‌వేర్ పత్రికలో దీని గొడవెందుకు అంటారా? సర్వర్లకి మానిటరింగ్ పెట్టడం నా వృత్తి. ఆ వృత్తిలో నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం ఈ ద్వీపం కథలో ఉంది.

ఎక్కడుంది, ఎలా పుట్టింది?

ఉనలాస్కా దీవిలోని డచ్ హార్బర్ రేవుకి వాయవ్యంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది బొగొస్లోఫ్. పసిఫిక్ ఫలకం ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఉత్తర అమెరికా ఫలకం కిందకి దూరుతూ ఉంటుంది. దాంతోపాటు లోపలికి పోయిన నీటివల్ల అక్కడి వేడి రాయి తేలిగ్గా కరిగి శిలాద్రవమవుతుంది. అది పైకి తన్నుకొస్తేనే అల్యూషియన్ అగ్నిపర్వతాలు. మిగతావన్నీ వరసలో నిలబడితే, బొగొస్లోఫ్ మాత్రం వరసకి 50 కిలోమీటర్ల వెనక విడిగా ఉంది. మనకి పైన కనిపించేది కొస మాత్రమే. సముద్రం అడుగునుంచి కొలిస్తే అది 1,500 మీటర్లకు పైగా ఎత్తున్న కొండ.

రూపం మార్చుకునే ద్వీపం

గోదావరి లంకల సంగతి మనకి తెలుసు. వరదొస్తే ఒకచోట కోతపడుతుంది, ఇంకోచోట మేట వేస్తుంది. బొగొస్లోఫ్‌దీ అదే తంతు, కాకపోతే ఇక్కడ మేట వేసేది నిప్పు, కోసేది సముద్రం.

1778లో కెప్టెన్ కుక్ ఇటుగా వచ్చినప్పుడు చూసింది ఓడ ఆకారంలో ఉన్న ఒక రాతి స్తంభాన్ని. 1796లో దాని పక్కన కొత్త ద్వీపం పైకొచ్చింది. అది సెయింట్ జాన్ పండుగ రోజులు కావడంతో రష్యన్లు ఆయన పేరే పెట్టారు. 'బొగొస్లోఫ్' అంటే వేదాంతి అని అర్థం. 1883లో కాస్త దూరంలో ఇంకొకటి లేచింది. 1906లో, 1907లో ఒక్కొక్క శిఖరం పుట్టాయి. వాటిలో రెండోది, మెకల్లక్ శిఖరం, ఏడాదైనా నిలవకుండా 1907 సెప్టెంబరు 1న పేలిపోయింది. తరవాత 1926లో మొదలై కొన్నేళ్ళు, మళ్ళీ 1992లో విస్ఫోటనాలు జరిగాయి. ఏ తరం గీసిన మ్యాపూ తరవాతి తరానికి పనికిరాలేదు!

1909లో థియొడోర్ రూజ్‌వెల్ట్ దీన్ని సముద్రసింహాలకీ పక్షులకీ అభయారణ్యంగా ప్రకటించారు. 1980లో ఇక్కడ ఫర్ సీళ్ళ పిల్లలు మొదటిసారి కనిపించాయి. 2019 అంచనా ప్రకారం ఆ ఏడు పుట్టిన పిల్లలు 36,000 పైనే. మనిషి నిలవలేని చోట వాటి సంసారం పచ్చగా సాగుతోంది.

పచ్చ దీపం, దీపమే లేకపోవడం

మనుషులు లేని చోట కొండ పేలితే మనకేం? ఈ ప్రశ్నకి జవాబు ఆకాశంలో ఉంది. 1989 డిసెంబరు 15న ఆమ్‌స్టర్‌డామ్ నుంచి యాంకరేజ్ వస్తున్న కేఎల్ఎమ్ 867 విమానం అలాస్కాలోని రిడౌట్ అగ్నిపర్వతపు బూడిద మేఘంలోకి దూసుకుపోయింది. నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. ఈ బూడిద కట్టెల బూడిదలా మెత్తనిది కాదు, గాజుపొడి లాంటిది. ఇంజన్ వేడికి కరిగి, లోపలి రెక్కలకి అంటుకుని గడ్డకడుతుంది. విమానం నాలుగు కిలోమీటర్లకు పైగా కిందకి జారాక ఇంజన్లు మళ్ళీ అందుకున్నాయి. లోపలున్న 245 మందీ బతికి బయటపడ్డారు.

అందుకే 1988లో ఏర్పడిన అలాస్కా వోల్కనో అబ్జర్వేటరీ విమానాలకోసం ప్రతి కొండకీ ఒక రంగు ఇస్తుంది: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. వీటితోపాటు ఐదో మాట కూడా ఒకటుంది: 'అన్‌అసైన్డ్'. దగ్గర్లో పరికరాలు లేని కొండ మామూలుగా ఉందో లేదో చెప్పలేం కాబట్టి దానికి ఆకుపచ్చ ఇవ్వరు. 2016 విస్ఫోటనానికి ముందు బొగొస్లోఫ్ ఈ జాబితాలోదే.

ఆ మాట చదివినప్పుడు నాకు తల కొట్టేసినట్లయింది. కొన్నేళ్ళ క్రితం ఒక క్లయింటు దగ్గర నేను పెట్టిన డాష్‌బోర్డు రాత్రంతా పచ్చగా వెలుగుతూనే ఉంది. తెల్లారేసరికి చూస్తే డేటాబేస్ ఆరు గంటలుగా పడిపోయి ఉంది. సమాచారం పంపాల్సిన ఏజెంట్ ముందే చచ్చిపోయింది. ఎర్రర్ రాకపోతే పచ్చరంగు చూపించమని కోడ్ రాసింది నేనే! కబురు లేకపోవడాన్ని క్షేమంగా ఉన్నట్టు లెక్కగట్టాను.

ఇరుగుపొరుగు సాక్ష్యం

2016 డిసెంబరు 20న బొగొస్లోఫ్ మీద పెద్ద మేఘం లేచింది. ఆ తరవాత పాత రికార్డులు తిరగేస్తే, విస్ఫోటనం కొన్ని రోజుల ముందే మొదలైందని తేలింది. అప్పటినుంచి 2017 ఆగస్టు 30 వరకు దాదాపు 70 సార్లు పేలింది. కొన్నిసార్లు మేఘం 10 కిలోమీటర్లు దాటింది, అంటే సరిగ్గా మన విమానాలు ఎగిరే ఎత్తు. ద్వీపం మీద ఒక్క పరికరం లేదు. మరి కాపలా ఎలా కాశారు?

తాళం వేసిన ఇంటి సంగతి ఇరుగుపొరుగుని అడిగినట్టు అడిగారు. ఉమ్నాక్, ఉనలాస్కా దీవుల్లోని సీస్మోమీటర్లు నేల అదురుని పట్టాయి. మన చెవికందని ధ్వనిని పట్టే మైక్రోఫోన్లు పేలుడుని విన్నాయి. కాకపోతే ధ్వని 60 కిలోమీటర్లు రావడానికే మూడు నిమిషాలు పడుతుంది. ఉపగ్రహాలు మేఘాన్ని చూశాయి. వీటన్నిటికంటే నాకు నచ్చింది మెరుపుల సంగతి. బూడిద రేణువులు, మంచు ముక్కలు రాసుకుంటే విద్యుదావేశం పుట్టి మెరుపులు వస్తాయి. ఆ మెరుపుల రేడియో తరంగాలని, మా ఊరి వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నడిపే ప్రపంచ మెరుపుల నెట్‌వర్కు వేల కిలోమీటర్ల దూరంనుంచి పట్టుకుంటుంది. బేరింగ్ సముద్రంలో మామూలు మెరుపులు అరుదు కనక, అక్కడ మెరిసిందంటే అనుమానించాల్సిందే. 2017 మార్చిలోనూ జూన్‌లోనూ ఉమ్నాక్ మైక్రోఫోన్లకి ఆ మేఘంలోని ఉరుములు కూడా చిక్కాయి.

వీటిలో ఏ ఒక్కటీ పూర్తిగా నమ్మదగ్గది కాదు. అదురు మామూలు భూకంపం కావచ్చు, మేఘం ఉత్త మేఘమే కావచ్చు. కానీ అదురు, ధ్వని, మెరుపు, మేఘం నాలుగూ ఒకే చోటుని, ఒకే వేళని చూపిస్తే ఇక సందేహమెందుకు? నిప్పు లేనిదే పొగ రాదు.

ఇప్పుడు నేను పెట్టే ప్రతి డాష్‌బోర్డులోనూ ఐదో రంగు ఉంటుంది, బూడిద రంగు. 'తెలియదు' అని దాని అర్థం. ఏజెంట్ ఐదు నిమిషాలు పలక్కపోతే పచ్చ పోయి బూడిద వస్తుంది. దాంతోపాటు, ఆ సర్వర్‌తో మాట్లాడే పక్క సర్వర్లు ఏమంటున్నాయో కూడా చూస్తాను. ఇది చూసి క్లయింట్లు మొదట్లో విసుక్కుంటారు, "ఇన్ని బూడిద చుక్కలేమిటి?" అని. అవి కొత్తగా వచ్చినవి కావు, ఇంతకాలం పచ్చరంగు కింద దాక్కున్నవే అని చెబుతాను.

ఈసారి ఇండియా వెళ్ళేటప్పుడు అల్యూషియన్ల దగ్గర ఒకసారి మ్యాపు చూడండి. మీ ఆఫీసు డాష్‌బోర్డులో వెలిగే పచ్చ దీపాల్లో ఎన్ని నిజంగా పచ్చవో, ఎన్ని 'అన్‌అసైన్డ్' అనిపించుకోవలసినవో తిరిగొచ్చాక లెక్కపెట్టండి.