ఇంటికి వెళ్లొచ్చే పుస్తకం

మైలవరం

చిరంజీవి అమ్మలుకి,



మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "26 మంది పిల్లలుంటే తల్లిదండ్రుల మీటింగుకి వచ్చింది ఐదుగురే. వీళ్లకి పిల్లల చదువు పట్టదు పెద్దమ్మా" అన్నావు. టీచరుగా చేరి ఏడాదైనా కాలేదు, అప్పుడే అంత మాట అనేశావే అని బాధేసింది. ఫోన్లో చెప్పి సరిపెట్టే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను.

పట్టక కాదమ్మా. బడి నుంచి కబురొచ్చిందంటే వాళ్లకు తెలిసినవి రెండే కారణాలు: పిల్లాడు ఏదో చేసి ఉండాలి, లేదా ఏదో కాగితం మీద సంతకమో వేలిముద్రో కావాలి. పత్తితీతలు, మిరపకోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో ఒకపూట కూలి పోగొట్టుకుని వచ్చి, నీ పిల్లకి ఎక్కాలు రావడం లేదని పదిమందిలో వినడానికి ఏ తల్లికి కాళ్లాడతాయి?

2009 విద్యాహక్కు చట్టం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంది, సగంమంది ఆడవాళ్లుండాలంది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు సర్కారు బళ్లలో తల్లిదండ్రులతో మెగా మీటింగ్ పెట్టారు. మా వీధి తల్లులు మంచి చీరలు కట్టుకుని బడికి వెళుతుంటే చూసి కడుపు నిండింది నాకు. ఆ ఒక్కరోజు సరే. మిగతా రోజుల్లో బడికీ ఇంటికీ మధ్య ఏం నడుస్తోంది? నేను అడిగేది అది.

నేను టీచరుగా ఉన్నప్పుడు చేసింది చెబుతాను. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని, అట్ట వేసి, దానికి 'ఇంటికి వెళ్లొచ్చే పుస్తకం' అని పిల్లల చేతే పేరు పెట్టించాను. రోజుకొకరు దాన్ని ఇంటికి తీసుకెళ్లాలి. ఆ రోజు చూసింది, విన్నది, చేసింది ఏదైనా ఒక పేజీ రాసుకురావాలి. కింద ఇంట్లో వాళ్ల మాట ఒకటి ఉండాలి. మర్నాడు ప్రార్థన అయ్యాక రాసినవాళ్లే లేచి చదవాలి. 26 మందంటే నెల తిరిగేసరికి అందరి ఇళ్లూ చుట్టి వస్తుంది.

మొదటి వారం నాకు దుఃఖమే మిగిలింది. ఎవరిని చదవమన్నా "ఆవు సాధు జంతువు. దానికి నాలుగు కాళ్లు ఉండును." గైడులోంచి దించిన ముక్కలు. 'ఉండును' అని ఏ ఇంట్లో మాట్లాడతారు? ఎనిమిదో రోజున ఒక పిల్ల రాసుకొచ్చింది: "మా ఆవు సాధువు కాదు. నిన్న మా తాతని తన్నింది. తాత దాన్ని తిట్టి, మళ్లీ తనే గడ్డి వేశాడు." క్లాసంతా నవ్వింది. మళ్లీ చదవమంది. ఆ మూడు వాక్యాల్లో 'తన్నింది'కి 'న' ఒత్తు లేదు, 'గడ్డి'కి 'డ' ఒత్తు లేదు. నా చేతిలో ఎర్ర పెన్ను ఉంది. ఆ రోజు దాని మూత తీయలేదు. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటని ఇప్పటికీ అనుకుంటాను.

తప్పులు దిద్దొద్దని కాదు. ఆ పుస్తకంలో దిద్దకు. వారానికి నాలుగు పేజీలు ఏరి, చార్టు మీద ఎక్కించి గోడపత్రికగా పెట్టేటప్పుడు రాసిన పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని దిద్దు. ఊరంతా చదువుతుందంటే ఒత్తు ఎందుకో పిల్లకే తెలుస్తుంది. కానీ మాట మార్చకు. 'బువ్వ' అని రాస్తే 'భోజనం' చెయ్యకు. గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజని ఆగస్టు 29న బడిలో తెలుగు భాషా దినోత్సవం జరుపుతావు కదా. జనం నోట్లో ఉన్న తెలుగుని కాగితం మీదికి రానివ్వాలని ఆయన జీవితాంతం పోరాడారు. సవర గిరిజన పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పాలని తానే ఆ భాష నేర్చుకుని, వాచకాలు రాశారు. ఆయన ఫొటోకి దండవేసి, ఆ పూటే 'బువ్వ'ని కొట్టేస్తే ఎలా?

ఇక ఇంటివాళ్ల మాట. "మా అమ్మకి రాయడం రాదు టీచర్" అని సగంమంది అంటారు. అమ్మ చెబుతుంది, నువ్వు రాయి అను. అసలు లాభం అక్కడే ఉంది. తల్లి నోటిమాటని అక్షరం అక్షరం పట్టుకుని రాయడానికి పిల్ల పడే తంటా ఏ డిక్టేషనులోనూ ఉండదు. తల్లి ఆగదు, మళ్లీ చెప్పదు, "ఏం రాశావో చదువు" అంటుంది. ఒకామె చెప్పిన మాట ఇలా వచ్చింది: "నేను మూడో తరగతిలో మానేశాను. తమ్ముడిని ఎత్తుకోవడానికి మాన్పించారు. దీన్ని మాన్పించను." చదివేటప్పుడు ఆ పిల్ల గొంతు వణికింది. ఆ తల్లికి నేనెప్పుడూ మీటింగని కబురు పెట్టలేదు. పుస్తకం రెండో చుట్టు తిరిగేలోపే తనంతట తను గేటు దగ్గరికొచ్చి నిలబడింది.

గోడపత్రికని క్లాసు లోపల పెట్టకు. గేటు పక్క వరండాలో, పెద్దవాళ్ల కంటికి అందే ఎత్తులో పెట్టు. మధ్యాహ్న భోజనం వండే అక్క, పిల్లల్ని దించే ఆటో డ్రైవరు, అటుగా వెళ్లే తాత, అందరూ ఆగి చూస్తారు. చదవలేనివాళ్ల కోసం శనివారం సాయంత్రం పిల్లలే నిలబడి చదవాలి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. నాలుగో తరగతి పిల్లాడు ఒకడు రాశాడు, నాన్న రాత్రి తాగొచ్చి అన్నం గిన్నె విసిరేశాడని, గోడకి అంటిన మెతుకులు అమ్మ తెల్లారి కడిగిందని. ఎంత బాగా రాశాడో అని మురిసిపోయి, చార్టు మీద పెట్టేశాను. మూడు రోజులు పిల్లాడు బడికి రాలేదు. ఇంటికెళితే తండ్రి బయటికి రాలేదు. తల్లి ఒక్కమాటే అంది: "మా ఇంటి గుట్టు గోడకెక్కించారు టీచరుగారూ." ఆ కాగితం తీసి ఆమె చేతికిచ్చి, క్షమించమని అడిగి వచ్చాను.

నేనప్పుడు నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి మనసులో పెట్టుకున్నాను. అక్షరాస్యత తరగతుల్లో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడి, ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారాని నిషేధించేదాకా వచ్చింది. రాసిన అక్షరానికి అంత బలం ఉందని పొంగిపోయాను. కానీ దూబగుంట ఆడవాళ్లు తమ కథ తామే, చెప్పాలనుకున్నప్పుడు చెప్పారు. ఇక్కడ తొమ్మిదేళ్ల పిల్లాడికి, వాళ్లమ్మకి ఆ వీలు నేనివ్వలేదు. బలం అక్షరానిదే, దెబ్బ మాత్రం వాళ్లకి తగిలింది.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టాను. పేజీ మడత పెడితే అది టీచరు ఒక్కతే చదవాలి. చదవొద్దంటే అదీ సరే. గోడకెక్కేదేదైనా రాసినవాళ్లని, ఇంట్లోవాళ్లని అడిగాకే ఎక్కాలి. మడత పేజీలో పిల్లకి ప్రమాదం ఉందనిపించే మాట కనిపిస్తే మాత్రం దాచుకుని కూర్చోకు. హెడ్మాస్టరుగారికి చెప్పు, 1098కి ఫోన్ చెయ్యి.

నీకు వాట్సాప్ గ్రూపుంది, మాకు అప్పట్లో లేదు. వాడుకో. కానీ నీ గ్రూపులో ఉన్నవి హోంవర్కు ఫొటోలు, సెలవు కబుర్లేనని నువ్వే అన్నావు. వాటికి ఎవరు ఏం బదులిస్తారు? పిల్ల తన పేజీని తన గొంతుతో ఒక నిమిషం చదివి పంపితే, పొలంలో ఉన్న తల్లి గట్టు మీద కూర్చుని వింటుంది. ఆమెకి చదువు రాకపోయినా ఫర్వాలేదు, తిరిగి ఒక మాట చెప్పి పంపొచ్చు. ఒక్క సంగతి చూసుకో, చాలా ఇళ్లలో ఆ ఫోన్ తండ్రి జేబులో ఉంటుంది. పగలు పంపితే తల్లికి చేరదు, రాత్రి ఏడు తర్వాత పంపు. పిల్లల మొహాలు ఫొటోలు తీసి పెట్టకు. గొంతూ, రాతా చాలు. ఫోన్ లేని ఇంటికి పుస్తకం ఎలాగూ వెళుతుంది.

ఇది నేను కనిపెట్టిన పనేమీ కాదు. ఫ్రాన్సులో సెలెస్తాఁ ఫ్రేనే అనే పంతులు మొదటి ప్రపంచయుద్ధంలో ఊపిరితిత్తులు దెబ్బతిని, గంటలకొద్దీ పాఠం చెప్పే శక్తి లేక, పిల్లల్ని ఊళ్లోకి నడిపించుకెళ్లేవాడు. చూసింది వాళ్ల చేత రాయించి, 1920ల్లో చిన్న అచ్చుయంత్రం కొని బడిలోనే అచ్చువేయించాడు. ఆ కాగితాలు ఇళ్లకి వెళ్లేవి, దేశం అవతలి చివర బ్రిటనీ సముద్రతీరంలోని ఇంకో బడికీ వెళ్లేవి. అక్కడి పిల్లలు తమ కాగితాలు పంపేవాళ్లు. మన దగ్గర రేడియో అన్నయ్య, అక్కయ్య 1945లో మద్రాసు నుంచి 'బాల' పత్రిక తెచ్చారు. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లిలో 2008లో మొదలైన 'కొత్తపల్లి' మాసపత్రికలో బడిపిల్లల కథలు, వాళ్ల బొమ్మలు పేర్లతో సహా వచ్చాయి. పాత సంచికలు దొరికితే నీ పిల్లలకి చూపించు. తమంతటివాళ్లు రాశారని చూస్తే చేయి కదులుతుంది.

ఫ్రేనే చేసిన ఆ రెండో పని, రెండు బళ్ల మధ్య ఉత్తరాలు నడపడం, నేను ఉద్యోగంలో ఉండగా చేయలేకపోయాను. నువ్వుండేది కైకలూరు వైపు కాబట్టి ఇప్పుడు దారి దొరికింది. మా మైలవరం కొండల్లో పుట్టే బుడమేరే మీ కొల్లేట్లో కలుస్తుంది. 2024 సెప్టెంబరులో అది పొంగి గట్లు తెగితే విజయవాడలో సింగ్‌నగర్ అంతా మునిగింది. మా పిల్లలకి దాని మొదలు తెలుసు, మీ పిల్లలకి చివర తెలుసు. వాన పడ్డ రాత్రి ఇక్కడి వాగు ఎలా మోగుతుందో వీళ్లు రాస్తారు. ఆ నీళ్లు మీ దగ్గరికొచ్చేసరికి ఏ రంగులో ఉంటాయో, చేపల చెరువుల దగ్గర నాన్నలు ఏం చేస్తారో, ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు ఎప్పుడు దిగుతాయో వాళ్లు రాయాలి. వాటికి జవాబు చెప్పాలంటే పిల్లలు ఇంటికెళ్లి తాతల్నీ, అమ్మల్నీ అడగక తప్పదు.

ఇక్కడి నాలుగో తరగతి టీచరుతో మాట్లాడాను, సరేనంది. పిల్లలు మొదటి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. 23 మంది. అంటే మీ వాళ్లలో ముగ్గురికి ఉత్తరం రాదు. ఆ ముగ్గురికీ నేను రాస్తాను. వాళ్ల పేర్లు పంపించు.

ఉంటాను,
మీ పెద్దమ్మ