అపాయింట్‌మెంట్ దాకా తోడు

ఏడీహెచ్‌డీ (శ్రద్ధ, దుడుకుతనం అదుపులో ఉండని స్థితి) ఉన్న ఇరవై ఏళ్ల మనిషికి సాయం వెతకడంలో ఒక పెద్ద చిక్కుంది. సాయం అందాలంటే ముందుగా చేయాల్సిన పనులన్నీ ఆ మనిషికి అన్నిటికంటే కష్టమైన పనులే. నాలుగు నంబర్లు రాసుకోవాలి, ఫోన్లు చేయాలి, తారీఖు గుర్తుపెట్టుకోవాలి, పాత కాగితాలు వెతికి పట్టుకెళ్లాలి, ఓపీలో వంతు వచ్చేదాకా కూర్చోవాలి, కొన్ని వారాలకు అదంతా ఇంకోసారి చేయాలి. ఎక్కడో ఒకచోట తెగిపోతుంది. అది చూసి "వాడికే పట్టనప్పుడు మనమేం చేస్తాం" అని వదిలేసే ఇళ్లు కొన్ని. పనంతా చేతిలోకి తీసుకుని, డాక్టరు అడిగిన ప్రతి ప్రశ్నకూ అమ్మానాన్నలే జవాబు చెప్పే ఇళ్లు ఇంకొన్ని. నేను గట్టిగా నమ్మేది ఇది: డాక్టరు గది తలుపు దాకా ఉన్న శ్రమను ఇంటివాళ్లు పంచుకోవాలి. తలుపు దాటాక మాట, నిర్ణయం ఆ అమ్మాయివో అబ్బాయివో కావాలి.

మన ఇళ్లలో ఏడీహెచ్‌డీ ఉన్న సంగతి చాలాసార్లు బీటెక్ రెండో ఏడో మూడో ఏడో బయటపడుతుంది. ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో పొద్దున్నే లేపేవాళ్లున్నారు, స్టడీ అవర్‌లో కూర్చోబెట్టేవాళ్లున్నారు, వారం వారం పరీక్ష పెట్టేవాళ్లున్నారు. చేతిలో ఫోన్ లేదు. ఆ పద్ధతి పిల్లల మీద వేసే భారం సంగతి వేరే చర్చ. కానీ తనంతట తాను రోజును అమర్చుకోలేని బుర్రకు అది బయటినుంచి ఒక అమరికను ఇచ్చింది. బీటెక్ హాస్టల్‌కు మారగానే అది ఒక్కసారిగా పోతుంది. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకున్నవాడికి బ్యాక్‌లాగ్‌లు మొదలవుతాయి. రికార్డులు రాయడు, ఫీజు కట్టే ఆఖరు తేదీ దాటిపోతుంది, మనసుకు పట్టిన పని మీద మాత్రం తెల్లవార్లూ కూర్చుంటాడు. "గేమ్ మీద ఆరు గంటలు కూర్చుంటాడు, పుస్తకం ముందు పది నిమిషాలు కూర్చోలేడా?" అని తండ్రి అడుగుతాడు. అడగడంలో తప్పులేదు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు శ్రద్ధ ఉంటుంది, దాన్ని కావలసిన చోట పెట్టడం, కావలసినప్పుడు అక్కడినుంచి తీయడం వాళ్ల అదుపులో ఉండదు. అమెరికన్ మనస్తత్వవేత్త రసెల్ బార్క్‌లీ దశాబ్దాలుగా చెబుతూ వస్తున్నదీ ఇదే: వీళ్లకు ఏం చేయాలో తెలుసు, తెలిసినదాన్ని వేళకు చేయడం దగ్గరే ఆగిపోతారు. అందుకే హితబోధ ఎంత చేసినా ఫలితం ఉండదు.

అమ్మాయిల విషయంలో ఇంకా ఆలస్యమవుతుంది. వాళ్లలో చాలామందికి అల్లరి, దుడుకు పైకి కనిపించవు. క్లాసులో బుద్ధిగా కూర్చుని ఎక్కడో ఆలోచిస్తుండే పిల్ల గురించి ఏ టీచరూ ఇంటికి చీటీ పంపి పెద్దవాళ్లను పిలిపించదు. పెద్దయ్యాక ఆందోళనకో డిప్రెషన్‌కో వైద్యం చేయించుకుంటుంది, అసలు మూలం వైపు ఎవరి చూపూ పోదు. ఇంట్లో "పెళ్లి సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడు మానసిక వైద్యుడి దగ్గరకా?" అనే భయం దానికి తోడవుతుంది. ఆ భయానికి తలొగ్గి ఓ అమ్మాయి చదువును, ఉద్యోగాన్ని, ఆత్మవిశ్వాసాన్ని పణంగా పెట్టడం నాకు ఎన్నటికీ సమ్మతం కాదు.

ఎవరి దగ్గరకు వెళ్లాలి అన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడే ఎక్కువమంది డబ్బు, కాలం పోగొట్టుకుంటారు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. రోగాన్ని నిర్ధారించి మందు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు పరీక్షలు చేసి అంచనా వేస్తారు, థెరపీ చేస్తారు, మందులు రాయరు. మన దేశంలో ఆ పేరుతో పని చేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. 1992 చట్టం ప్రకారం ఏర్పాటైన సంస్థ అది. ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటపడాల్సిన పనిలేదు, అర్హత ఉన్నవాళ్లు చెప్పడానికి వెనకాడరు. కౌన్సెలర్ అన్న బోర్డుకు మాత్రం అలాంటి ఒక్క కొలమానం లేదు. మంచి శిక్షణ ఉన్నవాళ్లూ ఆ పేరుతోనే ఉన్నారు, వారాంతపు కోర్సు చేసినవాళ్లూ ఆ పేరుతోనే ఉన్నారు. ఫిట్స్, తలకు దెబ్బ లాంటి చరిత్ర ఉంటే తప్ప ముందుగా న్యూరాలజిస్టు దగ్గరకు పరుగెత్తనక్కర్లేదు. నా సలహా అడిగితే మొదట సైకియాట్రిస్టు, ఆయన చూశాక అవసరాన్నిబట్టి సైకాలజిస్టు. ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో ఉంటే మరీ మంచిది. ఇద్దరి మధ్య కాగితాలు మోసే పని పిల్లవాడి మీద పడదు.

కార్పొరేట్ ఆసుపత్రి ఫీజులు చూసి ఆగిపోయేవాళ్లకు ఒక మాట. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఓపీ ఉంటుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రత్యేక ఆసుపత్రులున్నాయి. ఎర్రగడ్డ పేరును తిట్టుగా వాడడం మనం మానుకోవాలి. అక్కడి ఓపీకి నిద్రపట్టనివాళ్లు, పరీక్షల భయం ఉన్నవాళ్లు, కుదురు లేదని బాధపడేవాళ్లు ఎందరో నడిచి వెళ్లి నడిచి తిరిగొస్తారు. ఎవరికి ఫోన్ చేయాలో కూడా తోచకపోతే 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది. నంబరు 14416, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. దగ్గరలో ఎక్కడికి వెళ్లాలో అక్కడ అడగవచ్చు. బతకాలని లేదన్న మాట పిల్లల నోట ఒక్కసారి వినిపించినా ఏడీహెచ్‌డీ అవునా కాదా అన్న తర్కం పక్కనపెట్టి ఆ క్షణమే ఆ నంబరుకు చేయండి, దగ్గరున్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒంటరిగా వదలకండి.

ఇప్పుడు మొదటి సందర్శన. ఏడీహెచ్‌డీని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. థైరాయిడ్, రక్తహీనత వంటివి చూడటానికి పరీక్షలు రాస్తే అర్థముంది, ఎందుకంటే అవీ బుర్రను మందగింపజేస్తాయి. నిద్రలేమి, ఆందోళన, డిప్రెషన్, గంజాయి అలవాటు కూడా పైకి ఏడీహెచ్‌డీలాగే కనిపించగలవు. కాబట్టి నిర్ధారణ అంటే ఓపికగా అడిగి తెలుసుకోవడమే. ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి రూపొందించిన 18 ప్రశ్నల పెద్దల ప్రశ్నావళి ఒకటి ఇంటర్నెట్‌లో తిరుగుతుంటుంది. అది డాక్టరు దగ్గరకు వెళ్లాలా వద్దా చెప్పేంతవరకే పనికొస్తుంది. అందులో మార్కులు చూసుకుని తమకు తామే పేరు పెట్టుకోవడం సరికాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 ప్రకారం 17 ఏళ్లు నిండినవాళ్లలో అశ్రద్ధకో, దుడుకుతనానికో సంబంధించిన లక్షణాలు కనీసం అయిదు ఉండాలి. వాటిలో కొన్ని 12 ఏళ్ల లోపే కనిపించి ఉండాలి, ఇల్లు, చదువు, ఉద్యోగం వంటి రెండు చోట్లయినా ఇబ్బంది పెట్టి ఉండాలి.

ఆ 12 ఏళ్ల షరతు దగ్గరే తల్లిదండ్రుల పాత్ర నిజంగా మొదలవుతుంది. ఇరవై రెండేళ్ల కుర్రాడికి తన మూడో తరగతి గుర్తుండదు. అమ్మకు గుర్తుంటుంది. ఇంట్లో ఎక్కడో బీరువా అడుగున పాత ప్రోగ్రెస్ కార్డులుంటాయి, వాటి మీద టీచర్లు రాసిన మాటలుంటాయి. టిఫిన్ బాక్సులు, కంపాస్ బాక్సులు ఎన్నిసార్లు పారేసుకొచ్చాడో, హోంవర్క్ దగ్గర రాత్రులు ఎలా గడిచాయో ఒక కాగితం మీద రాసివ్వండి. డాక్టరు పిలిస్తే లోపలికి వెళ్లి చెప్పండి, చెప్పాక బయటికి వచ్చి కూర్చోండి. ఆ కాగితం రాస్తూ రాస్తూ "నేనూ ఇలాగే ఉండేవాణ్ని కదా" అని తండ్రికి అనిపిస్తే ఆశ్చర్యం లేదు. కవలల మీద జరిగిన అధ్యయనాల్లో ఏడీహెచ్‌డీకి వంశపారంపర్య ప్రభావం 70 నుంచి 80 శాతం దాకా తేలింది. పెంపకం లోపం అని తల్లిని నిందించే బంధువులకు ఈ ఒక్క సంగతి చెబితే చాలు.

బయటికి రమ్మనడానికి కారణముంది. ఎవరితో పడటం లేదో, సిగరెట్టు ఎప్పుడు మొదలైందో, ఫీజు డబ్బు ఎటు పోయిందో అమ్మానాన్నల ముందు ఎవరూ చెప్పరు. అవి తెలియకుండా రాసే మందు సగం సమాచారంతో రాసిన మందే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యం చేయించుకునే వ్యక్తికి గోప్యత హక్కు ఇచ్చింది. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాల్లో తప్ప, వయసొచ్చిన బిడ్డ లోపల చెప్పిన మాటలు డాక్టరు ఇంటివాళ్లకు చెప్పకూడదు. "మా పిల్ల ఏం చెప్పింది సార్?" అని తర్వాత ఫోన్ చేసి అడగకండి. ఆ ఫోన్ సంగతి తెలిసిననాడు పిల్ల వెళ్లడం మానేస్తుంది.

మంచి వైద్యుణ్ని ఎలా గుర్తించాలి? చిన్నతనం గురించి, నిద్ర గురించి, మత్తు అలవాట్ల గురించి, గుండె జబ్బుల కుటుంబ చరిత్ర గురించి అడిగారా? ఎందుకలా అనుకుంటున్నారో వివరించారా? మందు రాస్తే దేనికోసం, ఎప్పుడు మళ్లీ చూస్తారు, పనిచేయకపోతే తర్వాత ఏమిటి అన్నది చెప్పారా? పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీ చూసిన అనుభవం ఉందా అని నేరుగా అడగండి. "ఇంత మంచి ర్యాంకు వచ్చిందిగా, నీకు ఏడీహెచ్‌డీ ఏమిటి" అని కొట్టిపారేసేవాళ్లుంటారు. తెలివికీ దీనికీ పోటీ లేదు, రెండూ ఒకే బుర్రలో ఉంటాయి. అలాంటి మాట విన్నాక రెండో అభిప్రాయం తీసుకోవడం ఆ డాక్టరును అవమానించినట్టు కాదు. అయిదు నిమిషాల్లో అవునని తేల్చి మందు రాసిచ్చేవాళ్ల విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం.

మందుల గురించి ఇళ్లలో భయం ఎక్కువ, సమాచారం తక్కువ. మన దేశంలో ఎక్కువగా రాసేవి మిథైల్‌ఫెనిడేట్, అటమాక్సిటిన్. మొదటిది 1944లో తయారైన పాత మందు, వేసుకున్న గంటలోపే పని మొదలుపెడుతుంది. రెండోది నెమ్మదిగా, కొన్ని వారాలకు ప్రభావం చూపుతుంది. పది రోజుల్లో ఏమీ తేడా లేదని మానేస్తే దానికి అవకాశమే ఇవ్వనట్టు. ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యం కావడం, గుండె వేగం పెరగడం ఉండవచ్చు, అందుకే నాడి, బీపీ చూస్తూ మోతాదు మెల్లగా మారుస్తారు. మిథైల్‌ఫెనిడేట్ గట్టి నియంత్రణ ఉండే షెడ్యూల్ ఎక్స్ జాబితాలోని మందు. అందువల్ల ప్రతి మెడికల్ షాపులో దొరకదు, 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం వీడియో కాల్‌లో రాయకూడదు. ఊళ్లో ఏ షాపులో ఉంటుందో డాక్టరునే అడిగి తెలుసుకోవడం, స్టాకు ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోవడం ఇంటివాళ్లు భుజాన వేసుకోదగ్గ పని. స్నేహితుడి మాత్ర పరీక్షల ముందు పంచుకోవడం మాత్రం ప్రమాదం, చట్టవిరుద్ధం కూడా.

మందు కుదిరాక కూడా వాయిదా వేసే అలవాటు, పోగుపడిన పనుల భయం మిగిలే ఉంటాయి. మందు వాడుతున్నా ఇబ్బంది పడుతున్న పెద్దల మీద స్టీవెన్ సాఫ్రెన్ బృందం చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ తీసుకున్నవాళ్లు, విశ్రాంతి పద్ధతులు నేర్చుకున్నవాళ్లకంటే మెరుగయ్యారు. ఆ థెరపీలో సగం చాలా మామూలు పనులే: ఒకే క్యాలెండరు, ఒకే పనుల జాబితా, పెద్ద పనిని అప్పటికప్పుడు మొదలుపెట్టగలిగేంత చిన్నగా విడగొట్టడం, వాయిదాకు ముందు మనసు చెప్పే సాకును గుర్తుపట్టడం. ఇది యూట్యూబ్‌లోనూ దొరుకుతుంది కదా అనిపించవచ్చు. దొరుకుతుంది. కానీ వారం వారం ఎదురుగా కూర్చుని "పోయిన వారం ఎక్కడ ఆగింది?" అని కోపం లేకుండా అడిగే మనిషి అక్కడ దొరకరు. చిన్నప్పటినుంచీ బద్ధకస్తుడన్న మాట వింటూ పెరిగినవాడికి ఆ ప్రశ్న అలా వినడమే కొత్త.

డబ్బు సంగతి. 2017 చట్టం మానసిక అనారోగ్యానికి శారీరక అనారోగ్యంతో సమానంగా బీమా ఇవ్వాలని చెప్పింది. అయినా చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి కాబట్టి ఓపీ ఖర్చు వస్తుందో లేదో ముందే చూసుకోండి. థెరపీ ఫీజు వారం వారం భరించలేకపోతే ఆ మాట సైకాలజిస్టుకు చెప్పండి, రెండు వారాలకు ఒకసారిగా మార్చి మధ్యలో చేయాల్సిన పనులు రాసిస్తారు. ఎంఎస్ కోసం అమెరికా వెళ్లే పిల్లలు నిర్ధారణ కాగితాలు, ప్రిస్క్రిప్షన్, వాడిన మందుల మోతాదుల వివరాలు ఇంగ్లిషులో డాక్టరు సంతకంతో తీసుకెళ్లాలి. అక్కడి విశ్వవిద్యాలయాల్లో పరీక్షకు అదనపు సమయం వంటి సదుపాయాలిచ్చే కార్యాలయాలుంటాయి, అవి పాత రికార్డులు అడుగుతాయి.

అన్నిటికంటే ఎక్కువగా తప్పిపోయేది రెండో అపాయింట్‌మెంట్. మొదటిసారి ఇంట్లో అందరి హడావుడీ ఉంటుంది, రెండోసారికి అది చల్లారిపోతుంది. అందుకని మొదటిరోజు ఆసుపత్రి మెట్లు దిగకముందే రెండో తారీఖు తీసుకుని ఇద్దరి ఫోన్లలోనూ అలారం పెట్టుకోవాలి. ముందురోజు సాయంత్రం "రేపు పదకొండింటికి, నేను రానా, నువ్వు వెళ్తావా?" అని ఒక్క మాట అడగాలి. రానక్కర్లేదంటే ఆటో డబ్బులిచ్చి ఊరుకోవాలి. కొన్ని నెలలు చూసినా ఆ డాక్టరుతో కుదరడం లేదని పిల్లవాడు చెబితే ఎందుకో వినండి. మార్చాలనుకుంటే ఫైలు కాపీ అడిగి తీసుకోండి, అది అడిగి తీసుకునే హక్కు అతనికి ఉంది. కొత్తచోట కథంతా మళ్లీ మొదటినుంచి చెప్పాల్సిన శ్రమ సగం తగ్గుతుంది.