ఆన్‌లైన్ వ్యాపారం - డెవలపర్, పెట్టుబడి: మా అనుభవ పాఠం

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికలో గ్రూప్స్ పరీక్షలకు చదివే పద్ధతి, ఇంగ్లీషు భయం పోగొట్టుకోవడం, బ్యాంకు ఉద్యోగాలు వంటి విషయాల మీద అన్నలు రాసిన వ్యాసాలు చదివి మేము ఎంతో లాభపడ్డాము. ఈసారి సంపాదకవర్గం వారు మమ్మల్నీ ఒక పాఠం రాయమన్నారు. మేము ముగ్గురం. పదో తరగతి వరకు ఇదే హాస్టల్లో ఒకే వరుసలో పెట్టెలు పెట్టుకున్నవాళ్ళం. మా ఇండ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్ళం మేమే మొదటివాళ్ళం. ఉద్యోగం వచ్చిందని రాసే భాగ్యం ఇంకా కలగలేదు గనుక, చేసిన వ్యాపారం గురించి, ముఖ్యంగా దానిలో పోగొట్టుకున్న డబ్బు గురించి రాస్తున్నాము.

మొయినాబాద్‌లో "అన్నా, మాకొక డెవలపర్ కావాలి" అని అడిగితే ఎదుటివాళ్ళు వెంటనే "ఎన్ని గుంటలుంది? రోడ్డు బిట్టేనా?" అంటారు. మా ప్రాంతంలో డెవలపర్ అంటే ప్లాట్లు చేసి అమ్మేవాడు. మాకు కావలసింది వెబ్‌సైటు తయారుచేసే డెవలపర్. అమ్ముకోవడానికి మాకు గుంట భూమి కూడా లేదు. ఉన్నదల్లా మా ఇద్దరి తాతలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మడానికి వీల్లేదు. పక్క చేనుకు కోట్లు పలుకుతున్నా మా చేను మాకు కూరగాయలే ఇస్తుంది.

ఇక మా ఆలోచన ఏమిటంటే, పూలు. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో బంతి, చామంతి, గులాబీ సాగు చాలా ఉందని మీకు తెలుసు. రైతులు తెల్లవారకముందే మూటలు కట్టి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తీసుకుపోతారు. అక్కడ ధర ఆ పూటకు వచ్చిన సరుకును బట్టి పడుతుంది. అవే పూలు చేతులు మారి నార్సింగి, కోకాపేట అపార్ట్‌మెంట్లకు మూరల లెక్కన చేరతాయి. అంటే పూలు మా ఊరి మీదుగా పోయి, మళ్ళీ మా ఊరి దిక్కుకే తిరిగి వస్తున్నాయన్నమాట. ముందురోజు రాత్రి ఇంటర్నెట్‌లో ఆర్డరు తీసుకొని, మా అమ్మలు, పిన్నమ్మలు అల్లిన దండలు పొద్దున ఆరున్నరకల్లా ఇంటి గుమ్మానికి చేరిస్తే ఎలా ఉంటుందని అనుకున్నాము.

ఆలోచన రాగానే మేము చేసిన మొదటి పని వెబ్‌సైటు చేయించడం. అదే మొదటి తప్పు. నగరంలో ఒకాయన ముప్పైవేలు అడిగాడు. అడ్వాన్సుగా పద్దెనిమిదివేలు ఇచ్చాము. అందులో పన్నెండువేలు మా ఒకరి అమ్మగారు మహిళా సంఘంలో తీసుకున్న అప్పు. మిగతా ఆరువేలు మా స్కాలర్‌షిప్పు. రెండు నెలల తరువాత సైటు వచ్చింది. చూడ్డానికి రంగులు బాగున్నాయి. కాని పూలు కిలోల లెక్కన ఉన్నాయి. ఇంట్లో పూజ చేసుకునే అమ్మ కిలో చామంతి కొనదు గదా! "రెండు మూరలు పంపు బాబూ", "ఇరవై రూపాయల విడిపూలు" అంటుంది. ఆ మాట చెబితే మార్పుకు ఇంకో ఎనిమిదివేలు అవుతాయన్నాడు. తరువాత ఫోను ఎత్తడం మానేశాడు. సైటు పేరు, అంటే డొమైన్, ఆయన పేరుమీదే రిజిస్టరయి ఉందని అప్పుడు తెలిసింది. ఏడాది గడువు తీరగానే సైటు మాయమైంది. సంఘం అప్పు మాత్రం మాయం కాలేదు. నెలనెలా కిస్తీ కట్టాల్సిందే.

ఆయనను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. ఏం కావాలో మాకే తెలియనప్పుడు ఆయనకెట్లా తెలుస్తుంది?

ఆ దెబ్బ తరువాత రెడ్‌బస్ కథను మళ్ళీ చదివాము. మన నిజామాబాద్ జిల్లాకు చెందిన ఫణీంద్ర సామకు 2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్ రావడానికి బస్సు టికెట్ దొరకలేదు. 2006లో ఆయన, బిట్స్ పిలానీలో తనతో చదివిన సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు కలిసి రెడ్‌బస్ పెట్టారు. 2013లో దాన్ని ఐబిబో సంస్థ కొన్నది. ఫణీంద్ర 2018లో తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్ కూడా అయ్యారు. ఇంతవరకు అందరూ చెప్పుకునేదే. మేము మొదటిసారి చదివినప్పుడు గమనించని సంగతులు వేరే ఉన్నాయి.

ముగ్గురూ ఎలక్ట్రానిక్స్ వైపువాళ్ళు. వెబ్‌సైటు తయారుచేయడం వాళ్ళ వృత్తి కాదు. పుస్తకాలు కొనుక్కొని నేర్చుకున్నారు. మొదట బస్సు యజమానులకు సాఫ్ట్‌వేర్ ఇద్దామనుకుంటే యజమానులు ఆసక్తి చూపలేదు. అప్పుడు ఒక యజమాని దగ్గర కొన్ని సీట్లు అడిగి తీసుకొని, వాటిని అమ్మి చూపించారు. ఐటీ కంపెనీల గేట్ల ముందు నిలబడి కార్డులు పంచారు. టై అనే పారిశ్రామికవేత్తల సంఘం వారికి మార్గదర్శకులను ఇచ్చింది. 2007లో సీడ్‌ఫండ్ పెట్టుబడి పెట్టింది. అంటే పెట్టుబడి పెట్టేవారి దగ్గరకు పోయేసరికి వాళ్ళ చేతిలో అమ్మిన టికెట్ల లెక్క ఉంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ ముగ్గురికీ పెద్ద కంపెనీల్లో ఉద్యోగాలుండేవి. సొంతంగా దాచుకున్న సుమారు ఐదు లక్షలతో మొదలుపెట్టారు. వ్యాపార పుస్తకాల్లో మొదటి పెట్టుబడి కుటుంబం దగ్గర, స్నేహితుల దగ్గర తీసుకోండి అని రాస్తారు. మా కుటుంబాల దగ్గర తీసుకోగలిగిన పన్నెండువేలు అప్పటికే పోయాయి. కాబట్టి వాళ్ళ దారిలో మనం తీసుకోగలిగింది పైకం భాగం కాదు, సీట్లు అడిగి అమ్మిన భాగం.

అందుకని రెండోసారి సైటు లేకుండా మొదలుపెట్టాము. ఒక వాట్సాప్ గ్రూపు, ఒక గీతల నోటుపుస్తకం, ఒక పాత బండి. నార్సింగి వైపు మూడు అపార్ట్‌మెంట్లలో 26 ఇండ్లు. నలభై రోజులు నడిపాము. వచ్చిన డబ్బు రూ.21,450. పూలకు రూ.11,200, అల్లినవారికి రూ.3,900, పెట్రోలుకు రూ.4,100 పోగా మిగిలింది రూ.2,250. ముగ్గురం నలభై రోజులు తెల్లవారుజామున నాలుగింటికి లేచినందుకు అది కూలి కూడా కాదు. అయినా ఆ పుస్తకం మాకు చాలా చెప్పింది. అల్లినవారికంటే పెట్రోలు బంకుకే ఎక్కువ పోయింది. కాబట్టి కొత్త అపార్ట్‌మెంట్లు వెతకడం కంటే ఉన్న అపార్ట్‌మెంట్లోనే ఇండ్లు పెంచుకోవాలి. గురు, శుక్రవారాల ఆర్డర్లు మిగతా రోజులకు రెట్టింపు. రాత్రి తొమ్మిది తరువాత వచ్చే ఆర్డరు తీసుకుంటే నష్టమే.

ఇది తెలిశాక మాకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఎంత చిన్నదో అర్థమైంది. ఆర్డరు ఇచ్చే ఒక పేజీ, తొమ్మిదింటికి అపార్ట్‌మెంటు వారీగా ఎన్ని మూరలో కూడి చూపే ఒక పట్టీ. అంతే.

డెవలపర్ కూడా దగ్గరలోనే దొరికాడు. మొయినాబాద్ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు ఎన్ని ఉన్నాయో మీరు బస్సులో పోతూ చూస్తూనే ఉంటారు. చివరి ఏడాది విద్యార్థులు ప్రతి ఒక్కరూ ఒక ప్రాజెక్టు చేయాలి. చాలామంది బయట కొనుక్కొచ్చి అప్పగిస్తారు. మన హాస్టల్లోనే మా తరువాత చదివిన ఒక తమ్ముడు అప్పుడు ప్రాజెక్టు కోసం వెతుకుతున్నాడు. మేము అతనికి వెంటనే వాటా ఇస్తామనలేదు. ముందు మూడురోజులు తెల్లవారుజామున బండి వెనక కూర్చోబెట్టుకొని తిప్పాము. మూర అంటే మోచేయి నుంచి వేలి కొన దాకా అని అతనికి మా పిన్నమ్మ చూపించింది. మూడు వారాల్లో పేజీ చేశాడు. అది ఇప్పటికీ నడుస్తున్నది.

ఆ తరువాతే ఒప్పందం రాసుకున్నాము. ఊళ్ళో మేకలు పాలుకిచ్చే పద్ధతి మీకు తెలిసిందే. పిల్లలు పుట్టి పెరిగాకే పాలు పంచుకుంటారు గాని, తోలుకుపోయిన రోజే ఎవరూ పంచుకోరు. కంపెనీ వాటాలు కూడా అట్లాగే ఉండాలి. తమ్ముడికి నూటికి పదిహేను వాటా అనుకున్నాము. మొదటి ఏడాది నిండేవరకు ఏమీ లేదు. ఏడాది నిండితే నాలుగో వంతు అతనిది. మిగతాది తరువాత మూడేళ్ళలో కొద్దికొద్దిగా చేరుతుంది. మా ముగ్గురి వాటాలకూ ఇదే నియమం. డొమైన్, హోస్టింగ్ వ్యాపారం పేరుమీదున్న ఈమెయిల్‌తో తీసుకోవాలి, రాసిన ప్రోగ్రాం నకలు అందరి దగ్గర ఉండాలి అని కూడా రాశాము. ఎవరికైనా డబ్బిచ్చి చేయించుకునే తమ్ముళ్ళు ఈ రెండు షరతులు ముందే కాగితం మీద పెట్టి, పని పూర్తయిన మేరకే విడతలుగా డబ్బివ్వాలని మనవి.

"మా గురించి" అనే పేజీలో ఏం రాయాలన్నది పెద్ద చర్చ అయింది. అల్లేవారి పేర్లు, ఫొటోలు పెడదామని తమ్ముడు అన్నాడు. అప్పటికే ఒక ఇంటివారు మా ఊరు, మా ఇంటిపేరు అడిగి, ఎవరు అల్లుతారని అడిగి, మర్నాటి నుంచి వద్దన్నారు. పూజకు వాడే పూలు గదా. బాబాసాహెబ్ అంబేద్కర్ చదువుకొని వచ్చాక బొంబాయిలో వాటాల వ్యాపారులకు సలహాలిచ్చే సంస్థ పెడితే, కులం తెలిసి వచ్చేవాళ్ళు రావడం మానేశారని ఆయన జీవిత చరిత్రలో చదివాము. అది వందేళ్ళ కిందటి సంగతి. మేము పేర్లు పెట్టడానికే నిర్ణయించాము. పెట్టాక నాలుగు ఇండ్లు పెరిగాయి, ఒకటి తగ్గింది.

ఇక పెట్టుబడి. మొదట మేము ఒక పోటీకి పోయి ఇరవై లక్షలు కావాలన్నాము. మీ కొనుగోలుదారులెవరని అడిగితే "హైదరాబాద్ జనాభా కోటి సార్" అని చెప్పి అందరినీ నవ్వించాము. లెక్కల పుస్తకం వచ్చాక చూస్తే కావలసింది నలభై ఆరువేలు: ఒక సెకండ్‌హ్యాండ్ స్కూటరు, థర్మాకోల్ పెట్టెలు, రెండు నెలల పూల ఖర్చు. దానికి 2015లో మొదలైన ముద్ర పథకంలో యాభైవేల వరకు ఇచ్చే శిశు రుణం చాలు. హామీ ఆస్తి అడగరు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఆన్‌లైన్లో ఉచితంగా అవుతుంది. దానికి వేయి రూపాయలు అడిగే దళారులు ఉంటారు, ఇవ్వవద్దు. మూడోసారి బ్యాంకుకు పోయినప్పుడు మేనేజరుగారు మా ప్రాజెక్టు రిపోర్టు పక్కన పెట్టి, నోటుపుస్తకం, ఫోన్‌పే జమలు పక్కపక్కన పెట్టి చూశారు. నలభైవేలు మంజూరు చేశారు.

పెద్ద మొత్తాలకు వేరే దారులున్నాయి. 2008లో వచ్చిన పీఎంఈజీపీలో గ్రామీణ ప్రాంతంలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళలకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ. మన వాటా 5 శాతం, మిగతాది బ్యాంకు అప్పు. ఎస్సీ యువత కోసం 2020 సెప్టెంబర్‌లో అంబేద్కర్ ఇన్నోవేషన్ మిషన్ ప్రారంభమైంది. ఇంక్యుబేటర్లలో పనిచేసే స్టార్టప్‌లకు మూడేళ్ళలో 30 లక్షల దాకా, కాని అది అప్పు కాదు, మీ కంపెనీలో వాటా తీసుకొని ఇచ్చే పెట్టుబడి. ఈ తేడా తెలియకుండా సంతకం పెట్టకూడదు. పది లక్షల నుంచి మొదలయ్యే స్టాండప్ ఇండియా గురించి సీనియర్ అన్నలు ఇప్పటికీ చెబుతున్నారు. దాని గడువు 2025 మార్చి 31తో ముగిసింది. 2015లో గచ్చిబౌలిలో ప్రారంభమై 2022లో రాయదుర్గం పెద్ద భవనానికి మారిన టీ-హబ్ మా ఊరికి బండి మీద పోయేంత దూరమే. ఒకసారి పోయి చూడండి. మేము మొదటిసారి పోయినప్పుడు చెప్పులు బయట విడవాలేమోనని ఆగాము.

సంఘం అప్పులో ఇంకా నాలుగు కిస్తీలున్నాయి. ఇప్పుడు వాటిని పూల డబ్బులోంచే కడుతున్నాము. నలభై రోజుల నోటుపుస్తకం, ఒప్పందం కాగితం నకలు వార్డెన్ సారు గదిలో ఉంచాము. చూడదలచిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడిగి చూడవచ్చు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న పూర్వవిద్యార్థులు ఆదివారం వచ్చి ఆ ప్రోగ్రాంలో తప్పులు చెబితే మా తమ్ముడు సంతోషిస్తాడు. గురు, శుక్రవారాలు మాత్రం మేము దొరకము.