ఆ అంకెలు చెవిన పెట్టు

చిట్టితల్లీ,

మంగళవారం పళ్ళ క్లీనింగు ఉందని, ఇప్పట్నుంచే దడగా ఉందని నిన్న ఫోన్లో అన్నావు. మనవైపు గార తీసేదీ పళ్ళ డాక్టరే కాబట్టి ఈ హైజీనిస్టు ఎవరా అని నీకు అనుమానం. డాలస్‌లో ఆ పనికి వేరే చదువూ లైసెన్సూ ఉన్న మనిషి ఉంటుంది. ఈ వృత్తి ఆ దేశంలోనే మొదలైంది. 1906లో కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే దంతవైద్యుడు తన సహాయకురాలు ఐరీన్ న్యూమన్‌కి ఈ పని నేర్పాడు. నువ్వు కుర్చీలో ఉండేదంతా దాదాపు హైజీనిస్టుతోనే. డాక్టరు చివర్లో వచ్చి చూసి వెళ్తారు.

ముందు కాగితాలు నింపమంటారు. వేసుకునే మాత్రలన్నీ రాయి. నెల తప్పినా చెప్పాలి, సిగ్గుపడకు. అవసరమైతే ఎక్స్‌రేలు తీస్తారు.

తర్వాతిది జాగ్రత్తగా విను. మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి పుల్లని పంటికీ చిగురుకీ మధ్య మెల్లగా దింపి, ఒక్కో పంటికి ఆరు చోట్ల లోతు కొలుస్తుంది. "టూ, త్రీ, టూ" అని పైకి చెప్తుంది. మూడు దాకా భయం లేదు. నాలుగో, ఐదో వినిపిస్తే ఏ పన్నో అడిగి తెలుసుకో.

గార తీయిస్తే పళ్ళు కదులుతాయని మీ అమ్మమ్మ నమ్మేది, నేనూ నమ్మాను. తోముతుంటే రక్తం వచ్చిన చోట బ్రష్ పెట్టడమే మానేశాను. నలభై మూడో ఏట న్యూజెర్సీలో మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుంటే, కింది దవడ వెనక "సెవెన్" అని వినిపించింది. ఆ పన్ను దక్కలేదమ్మా. గార తీయడం వల్ల పళ్ళు కదలవు. గార అలాగే ఉండిపోతే చిగురు వాచి, కింద ఎముక కరిగి కదులుతాయి. తీశాక నాలుకకి తగిలే సందులు అంతకుముందు గార పూడ్చేసినవే.

గార తీసేటప్పుడు కీచుమనే రొద, నీళ్ళ తుంపర, నోట్లో నీళ్ళు లాగేసే గొట్టం. మొండి గారని చేత్తో గీకుతుంది, ఆ చప్పుడు తలలో మోగుతుంది. జివ్వుమంటే ఎడమ చెయ్యి ఎత్తుతానని ముందే చెప్పుకో. పంటి బిగువున ఓర్చుకోనక్కర్లేదు, మత్తు పూత అడగొచ్చు. ఆఖర్న ఇసకలాంటి పేస్టుతో మెరుగు పెడుతుంది.

రోజూ ఫ్లాస్ చేస్తావా అంటే ఉన్నదున్నట్టు చెప్పు. దారం ఎక్కడ సరిగా వెళ్ళట్లేదో అద్దం పట్టి చూపిస్తుంది. నాకు ఆ ఐదు నిమిషాలే అన్నిటికన్నా ఉపయోగపడ్డాయి. డీప్ క్లీనింగు అవసరమని వాళ్ళంటే మాత్రం వెంటనే సంతకం పెట్టకు. అంకెల చార్టూ ఎక్స్‌రేలూ చూపించమను, ఇన్సూరెన్సు ఎంత ఇస్తుందో కనుక్కో.

ఫ్లోరైడ్ పూత పూస్తే ఆ పూట వేడి కాఫీ, జంతికలు వద్దు. రెండు మూడు రోజులు చల్లటి నీళ్ళు జివ్వుమనొచ్చు.

ఇంటికొచ్చాక ఫోన్ చేసి వెనక పళ్ళ అంకెలు చెప్పు. మీ అమ్మకీ తోముతుంటే రక్తం వస్తోందట, మొన్న మాటల్లో బయటపడింది. గురువారం దగ్గరుండి నేనే తీసుకెళ్తున్నాను.

మీ పెద్దమ్మ