విదేశంలో మొదటి డిసెంబరు: పాతబస్తీ నుంచి ఏం పట్టుకెళ్లాలి

ఆగస్టులో విమానం ఎక్కే పిల్లలెవరూ డిసెంబరు గురించి ఆలోచించరు. పచ్చళ్లు, కుక్కరు, రెండు దుప్పట్లు, అమ్మ కట్టిచ్చిన కారప్పొడి సర్దుకుని వెళ్లిపోతారు. క్లాసులు, ఇంటి అద్దె, బ్యాంకు ఖాతాలతో మూడు నెలలు ఇట్టే గడిచిపోతాయి. ఇంతలో నవంబరు నాలుగో గురువారం వస్తుంది. అమెరికాలో అది థాంక్స్‌గివింగ్. కెనడాలోనైతే ఆ పండగ అక్టోబరు రెండో సోమవారమే అయిపోతుంది. అక్కణ్నుంచి క్రిస్మస్, కొత్త సంవత్సరం దాకా పండగల కాలమే. క్యాంపస్ ఖాళీ అవుతుంది, బయట చలి, నాలుగున్నరకే చీకటి. ప్రొఫెసరో, ఆఫీసులో పైఅధికారో, పక్కింటి పెద్దావిడో భోజనానికి పిలుస్తారు. ఉత్త చేతులతో వెళ్లలేం. ఏం పట్టుకెళ్లాలో తెలియదు.

నేను హైదరాబాద్ పాతబస్తీలో, లాల్‌దర్వాజలో పుట్టి పెరిగినదాన్ని. బంధువుల్లో, తెలిసినవాళ్లలో ఎవరింట్లో పిల్లలు ప్రయాణమైనా, చార్మినార్ వైపు కొనుగోళ్లకు తోడు రమ్మని నాకే ఫోన్ చేస్తారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. తిండి సామానుతో పెట్టె నింపకండి. అక్కడ దొరికేది అక్కడే కొనుక్కోండి. పాతబస్తీలో తప్ప దొరకని చేతిపని ఇక్కడ కొనండి. వంట మాత్రం నేర్చుకుని వెళ్లండి.

ముందు తిండి సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే కన్నీళ్లు పెట్టించేది అదే. మనవాళ్లు ఎంతో ప్రేమగా చేసిచ్చే చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి అమెరికాలోకి రానివ్వరు. డబ్బాలో సీలు వేయించిన హలీమ్ అయినా అంతే, మాంసం ఉంటే వెళ్లదు. పచ్చి కరివేపాకు, ఇంటి బియ్యం కూడా వద్దు. బియ్యం ఎందుకు వద్దంటారంటే, ఖాప్రా అనే పురుగు భయం. నిల్వ ధాన్యాన్ని పిండి పిండి చేసే ఆ పురుగు ఉన్న దేశాల జాబితాలో మనదీ ఉంది, అందుకే 2011 నుంచి ప్రయాణికుల సామానులో మన బియ్యాన్ని ఆపేస్తున్నారు. బ్రిటన్, యూరప్ దేశాలు మాంసంతో పాటు పాల పదార్థాలనూ ఆపేస్తాయి, కాబట్టి కోవా మిఠాయిలు ఇక్కడే తినేసి వెళ్లండి. ఆస్ట్రేలియా అన్నిటికంటే కఠినం. అక్కడ తిండి వస్తువు ప్రతిదీ, చెక్క సామాను సైతం, ఫారంలో రాసి చూపించాలి. ఈ దేశాల్లో ఉన్నది ఉన్నట్టు రాస్తే మహా అయితే ఆ వస్తువు తీసేసుకుంటారు. దాచి పట్టుబడితే జరిమానా.

గల్ఫ్‌కు, సింగపూర్‌కు వెళ్లేవాళ్లకు ఇంకో మాట చెప్పాలి, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. గసగసాలు పట్టుకెళ్లొద్దు. మన వంటింట్లో అవి మసాలా దినుసు. యూఏఈ, సౌదీ, సింగపూర్‌లలో అవి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. విడిగా పొట్లం కట్టినవే కాదు, కూరపొడిలో కలిసినవీ ప్రమాదమే. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయికి వెళ్లే కొడుక్కి తల్లి కట్టిచ్చే మసాలా పొట్లంలో గసగసాలు లేవని ఇంట్లోనే చూసుకోవాలి. గ్రేవీ చిక్కదనానికి అక్కడ జీడిపప్పు వాడితే సరిపోతుంది.

ఇక పాతబస్తీకి వద్దాం. మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆటో ఎక్కితే చార్మినార్ దగ్గరే. మరీ పొద్దున్నే వస్తే లాడ్ బజార్‌లో దుకాణాలు తెరిచి ఉండవు. ఆ వేళలో ఇరానీ చాయ్ తాగి, 1851లో పురానీ హవేలీ దగ్గర మొదలైన మున్షీ నాన్ భట్టీకి వెళ్లి, వేడివేడి నలుపలకల నాన్ తినండి. అది పెట్టెలో ప్రయాణం చేసేది కాదు. తిని గుర్తుపెట్టుకోవలసిందే.

చార్మినార్ నుంచి పడమటికి సాగే వీధే లాడ్ బజార్. ఇక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ గాజు తయారీ ఒక్కసారైనా నిలబడి చూడండి. వేడి తగిలి మెత్తబడిన లక్కను రంగు కలిపి కడ్డీలా సాగదీస్తారు. గుండ్రంగా వంచి అతుకుతారు. అది చల్లారి గట్టిపడేలోపే రాళ్లూ అద్దం ముక్కలూ ఒక్కొక్కటే తీసి వరసగా అదమాలి. లక్క మరీ వేడిగా ఉంటే రాయి మునిగిపోతుంది, చల్లారితే పట్టదు. పని చేసే చేతికి ఆ క్షణం తెలుసు. ఈ వీధి వెనక గల్లీల్లో ఎంతోమంది ఆడవాళ్లు ఇళ్లలోనే కూర్చుని ఈ రాళ్లు పొదిగి సంసారాలు ఈదుతున్నారు. వాళ్ల చేతిపనికి మీ పెట్టెలో చోటివ్వండి. ధర మరీ చవకగా చెబితే మాత్రం అది లక్క కాదు, ప్లాస్టిక్ మీద అంటించిన మెరుపు. అడిగి, చూసి, అసలుదే కొనండి.

ఇక్కడ కొలత ముఖ్యం. మన గాజుల కొలతలో చుక్క తరవాతి అంకె అంగుళంలో పదహారో వంతులను చెబుతుంది. 2.4 అంటే రెండు అంగుళాల మీద నాలుగు పదహారో వంతులు, సుమారు 57 మిల్లీమీటర్లు. 2.6 అయితే 60, 2.8 అయితే 63.5. లక్క గాజు సాగదు, వంగదు. చిన్నప్పటి నుంచి చెయ్యి ముడిచి గాజు ఎక్కించుకునే అలవాటు మన ఆడవాళ్లకు ఉంటుంది, అక్కడివాళ్లకు ఉండదు. కాబట్టి బహుమతికైతే 2.8 తీసుకోండి, పెద్దదైనా పరవాలేదు. డజన్ల లెక్కన కాకుండా ఒక్కొక్కటిగా పెట్టెలో పెట్టి ఇవ్వచ్చు. దాంతో పాటు చిన్న కాగితం మీద ఇది ఎక్కడిది, ఎలా చేస్తారు అని నాలుగు వాక్యాలు రాసి పెట్టండి. పుచ్చుకున్నవాళ్లు ఆ కాగితాన్ని గాజుతో సమానంగా దాచుకోవడం నేను చూశాను. ఒక జాగ్రత్త కూడా చెప్పండి: టెక్సాస్ ఎండలోనో, దుబాయి ఎండలోనో కారులో వదిలేస్తే లక్క మెత్తబడి రాళ్లు ఊడతాయి.

మగవాళ్లకు ఇవ్వడానికి బిద్రీ సామాను మంచిది. పుట్టిల్లు బీదర్ అయినా చార్మినార్ చుట్టుపక్కల దుకాణాల్లో దొరుకుతుంది. జింకు, రాగి కలిపి పోత పోసి, వెండి తీగ పొదిగి, బీదర్ కోట మట్టితో నలుపు తెప్పిస్తారు. చిన్న డబ్బీ, పుస్తకంలో పెట్టుకునే గుర్తు, తాళం చెవుల గొలుసు లాంటివి బరువు ఉండవు, విరగవు, కస్టమ్స్ వాళ్లు ఆపరు. నలుపు వెలిసినట్టు అనిపిస్తే కాస్త కొబ్బరినూనె రాసి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. పత్తర్‌గట్టీలో ముత్యాలూ కొనచ్చు గానీ, ఇప్పుడు అమ్మేవాటిలో చాలా భాగం చైనా మంచినీటి ముత్యాలే అని తెలిసి కొనండి, రసీదు తీసుకోండి. అత్తరు మీ కోసమైతే తప్పకుండా కొనుక్కోండి. షమామా, హీనా చలికాలానికే పుట్టినట్టుంటాయి, స్వెటరు మీద ఒక బొట్టు రోజంతా నిలుస్తుంది. కానీ ఆఫీసులో పరిచయస్తులకు ఇవ్వకండి. ఘాటైన వాసన పడనివాళ్లు అక్కడ ఎక్కువ, ఆ సంగతి పైకి చెప్పరు.

అందరికీ పంచడానికి ఉస్మానియా బిస్కెట్లను మించింది లేదు. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద వచ్చిన ఈ బిస్కెట్‌లో ఉప్పూ తీపీ సమానంగా తగులుతాయి. కాఫీ తాగే దేశాల్లో ఎవరికి పెట్టినా రెండోది అడుగుతారు. డబ్బాలో రానివి నలిగి పొడి అవుతాయి, గట్టి అట్టపెట్టె ఉన్నవే కొని బట్టల మధ్యలో పెట్టండి.

పండగ విందుకు వండి పట్టుకెళ్లాల్సి వస్తే నా సలహా ఖుబానీ కా మీఠా, అంటే ఎండు ఆప్రికాట్ల తీపి. అక్కడ పదిమంది కూడే చోట ఒకరికి గోధుమ పడదు, ఒకరు గుడ్డు తినరు, ఒకరు పాలు ముట్టరు, ఇంకొకరికి జీడిపప్పు తగిలితే ఆస్పత్రే. ఖుబానీ, పంచదార, నీళ్లు తప్ప ఏమీ లేని ఈ తీపి వాళ్లలో చాలామంది నిశ్చింతగా తినగలరు. బేగంబజార్‌లో దొరికే ఎండు ఖుబానీలో గింజ ఉంటుంది. అక్కడి సూపర్‌మార్కెట్లలో దొరికే టర్కీ రకంలో గింజ ఉండదు, కాస్త పులుపు, అయినా పని జరుగుతుంది. రాత్రంతా నానబెట్టి, నానిన నీళ్లతోనే సన్న మంట మీద ఉడికించి, మెత్తబడ్డాక గరిటెతో మెదిపి పంచదార వేయాలి. సగం పండు మెదగాలి, సగం ముక్కలుగా మిగలాలి. మన రకమైతే గింజలు కొట్టి లోపలి పప్పు తీసి పైన చల్లుతాం. ముందు ఒక పప్పు కొరికి చూడండి, చేదుగా ఉంటే మొత్తం పారేయండి, అది ఆరోగ్యానికి మంచిది కాదు. పప్పు ఎలర్జీ ఉన్నవాళ్లు వచ్చే చోట అసలు చల్లకండి. మీగడ విడి గిన్నెలో పెట్టండి. గిన్నె మీద ఏమేం వేశారో చీటీ అంటించడం మరవకండి.

హలీమ్ కూడా అక్కడ చేసుకోవచ్చు. 2010లోనే భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న వంట అది. భట్టీ లేదని దిగులు పడొద్దు, స్లో కుక్కర్ అనే గిన్నెలో గోధుమలు, పప్పులు, మాంసం రాత్రి వేసి పడుకుంటే పొద్దుటికి ఉడికి ఉంటాయి. ఆ తరవాత కట్టెగరిటెతో చెయ్యి నొప్పెట్టేదాకా ఎనపడం మాత్రం తప్పదు. నిహారీ అనే మాంసం పులుసు కూడా చేసుకోవాలనుంటే, దానికోసం మీర్ ఆలం మండీలో పొట్లీ మసాలా కడతారు, అందులో వట్టివేళ్లు, ఎండు గులాబీ రేకులు, రాతిపువ్వు, చలువ మిరియాలు లాంటివి ఉంటాయి. పట్టుకెళ్తే అది కూడా ఫారంలో రాయండి.

ఇంటి విషయానికొస్తే, అమెరికాకు మన మిక్సీ మోయకండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ఇండియన్ దుకాణాల్లో ఆ కరెంటుకు సరిపోయే మిక్సీ దొరుకుతుంది. బ్రిటన్, గల్ఫ్, ఆస్ట్రేలియాల్లో ప్లగ్గు మారిస్తే చాలు. పోపు పెట్టేముందు పొగ లాగే ఫ్యాను వేసి కిటికీ తెరవండి. సాంబ్రాణి కడ్డీకి కూడా పొగ అలారం మోగి మొత్తం అపార్ట్‌మెంట్ చలిలో కిందికి దిగాల్సి వస్తుంది. అలారం మీద గుడ్డ కట్టడం, బ్యాటరీ తీయడం ఎప్పుడూ చేయకండి, అది ప్రాణాలు కాపాడే వస్తువు. వాడిన నూనె సింకులో పోయొద్దు. దోసెల పిండి చలికి పొంగకపోతే ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి రాత్రంతా అందులో ఉంచండి. సెలవుల్లో ఇండియాకు వస్తుంటే, మంచు కురిసే ఊళ్లలో హీటరు పూర్తిగా ఆపి రాకండి. నీళ్లు గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి, ఇల్లంతా తడుస్తుంది. 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గకుండా పెట్టి తాళం వేయండి.

చివరగా మనుషుల మాట. లాల్‌దర్వాజ బోనాలకు దారి ఇచ్చే పొరుగూ, ఈద్‌కు షీర్ ఖుర్మా గిన్నె పంపే పొరుగూ నాకు తెలిసిన పాతబస్తీ. ఆ పొరుగువాళ్లు అక్కడ కూడా ఉన్నారు. షికాగో డెవాన్ అవెన్యూలో మాంసం దుకాణంలోనో, హోటల్లోనో నిలబడితే చెవిన పడే ఉర్దూ మన గల్లీదే. వాళ్లతో హైదరాబాదీ హిందీలో రెండు మాటలు కలపండి. మీది ఏ మొహల్లా అని అడుగుతారు. అక్కడి తెలుగు సంఘం సంక్రాంతి వేడుకకు వెళ్లండి, వీలైతే ఈ పాతబస్తీ పొరుగువాళ్లనూ పిలవండి. క్యాంపస్‌లో సెలవులకు ఇంటికి వెళ్లలేక గదిలో ఒంటరిగా ఉండిపోయే పిల్లలు ప్రతి డిసెంబరులోనూ ఉంటారు, మనవాళ్లలోనూ ఉంటారు. మీరు వెళ్లిన మొదటి ఏడే అయినా సరే, మీ గదిలో నలుగురికి చోటుంటే చాలు, ఈ డిసెంబరు 25న వాళ్లకు మీరే భోజనం పెట్టండి.