క్యారేజీలు కట్టే వేళ ప్రార్థన

ప్రశ్న: ఆదివారం గుడిలో మనసు నిండుగా ఉంటుంది. సోమవారం తెల్లారితే పిల్లల క్యారేజీలు, అత్తయ్యగారి మందులు, స్కూలు బస్సు. బైబిలు తెరిచే తీరికుండదు, పైగా అందరిమీదా అరుస్తాను. పరిశుద్ధంగా బతకడం నాలాంటివాళ్లకు సాధ్యమేనా?
– ఓ గృహిణి, గుంటూరు

జవాబు: అమ్మా, లోపం మీ భక్తిలో లేదు. తీరిక దొరికితేనే దేవుడికి దగ్గరవుతామన్న లెక్కలో ఉంది.

17వ శతాబ్దంలో పారిస్ కార్మెల్ మఠంలో వంట చేసిన బ్రదర్ లారెన్స్‌కు వంటపనంటేనే గిట్టేది కాదు. అయినా పొయ్యి దగ్గరే దేవుడితో మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు. ఫ్రాన్స్‌లోనే లిసియూ మఠంలో చిన్న తెరేజమ్మ (1873-1897) బట్టలుతుకుతుంటే, ఎదుట ఉన్న తోటి సన్యాసిని మురికినీళ్లు ఆమె ముఖం మీద చిందించేది. వెనక్కి జరగాలనిపించినా ఆమె కదల్లేదు, ముఖం చిట్లించలేదు. ఆమెను 1997లో శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు.

మీరు ఒక్క పనితో మొదలుపెట్టండి. ఏ బిడ్డ క్యారేజీకి మూత పెడుతున్నారో ఆ పేరు చెప్పి ఒక్క మాట ప్రార్థించండి, చాలు. అరిచేస్తే సాయంత్రంలోగా ఆ బిడ్డను పిలిచి క్షమించమని అడగండి; బైబిలు అధ్యాయం చదవడంకన్నా ఇదే కష్టం. కోపం ఏ వేళకు వస్తోందో గమనించండి. చాలాసార్లు కారణం నిద్రలేమే. అత్తయ్యగారి మందుల బాధ్యత మీవారికి అప్పగించండి, చాకిరీ అంతా ఒక్కరే మోయడం పరిశుద్ధత కాదు.

అపరాధభావం వదలకపోతే మీ పాస్టరుగారితో మాట్లాడండి. దిగులు, నిద్రపట్టకపోవడం రెండు వారాలు దాటితే ప్రార్థనతోపాటు డాక్టరునూ కలవండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.